రాస్‌బెర్రీ పై నెట్‌వర్క్ బూట్ మొండికేస్తే ఎక్కడ ఆగిందో పట్టుకుని బాగుచేసుకోవడం

టీవీ వెనక రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ పెట్టుకుని కోడి అనే మీడియా ప్లేయర్‌లో సినిమాలు చూసేవాళ్లు ఏదో ఒకరోజు ఎస్‌డీ కార్డుతో విసిగిపోతారు. కరెంటు పోయినప్పుడు కార్డులో ఫైళ్లు పాడైతే మళ్లీ ఇమేజ్ రాయాలి, మళ్లీ లైబ్రరీ అంతా స్కాన్ చేయాలి. దానికి విరుగుడు నెట్‌వర్క్ బూట్. కార్డు తీసేసి, కెర్నెల్ (ఓఎస్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం), సిస్టమ్, సెట్టింగులు అన్నీ ఇంట్లోనే ఉన్న సర్వర్ నుంచి ఈథర్‌నెట్ కేబుల్ మీదుగా తెప్పించుకుంటాం. సర్వర్ అంటే పెద్ద మెషీన్ అక్కర్లేదు. ఉబుంటు లినక్స్ వేసిన పాత ల్యాప్‌టాప్ చాలు.

పనిచేసినన్నాళ్లూ హాయి. పనిచేయని రోజున మాత్రం టీవీ మీద నల్లటి తెర తప్ప ఇంకేమీ కనపడదు. అప్పుడు చాలామంది ఇంటర్నెట్‌లో దొరికిన సెట్టింగులన్నీ ఒకేసారి మార్చేస్తారు. ఉన్న తప్పు ఒకటైతే కొత్తగా ఇంకో రెండు వచ్చి చేరతాయి. బూట్ ఎక్కడిదాకా వచ్చి ఆగిందో తేలేవరకు ఒక్క సెట్టింగు కూడా ముట్టుకోకపోవడమే మంచిది. ఈ వ్యాసంలో చెప్పేవన్నీ ఆ ఆగిన చోటును పట్టుకునే పద్ధతులే.

ఉదాహరణకు రాస్‌బెర్రీ పై 4 (ఇక మీదట క్లుప్తంగా "పై" అంటాను), దానిలో కోడి నడపడానికే తయారైన లిబ్రెఎలెక్ అనే చిన్న ఓఎస్, సర్వర్‌లో ఉబుంటు అనుకుందాం. రౌటర్ అడ్రస్ 192.168.1.1, సర్వర్ అడ్రస్ 192.168.1.10. ఫైళ్ల పేర్లు, కమాండ్లు చదవడానికి వీలుగా తెలుగులో రాశాను. కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. చిన్న అక్షరం, పెద్ద అక్షరం తేడాను లినక్స్ అస్సలు క్షమించదు.

ఆన్ చేసిన దగ్గర్నుంచి కోడి వచ్చేదాకా

స్విచ్ వేయగానే బోర్డు మీదున్న ఈఈప్రామ్ చిప్‌లోని బూట్‌లోడర్ లేస్తుంది. ఎక్కడి నుంచి బూట్ అవ్వాలో దానిలో ఒక వరుస రాసి ఉంటుంది. ఆ వరుసలో నెట్‌వర్క్ వంతు రాగానే డీహెచ్‌సీపీ ద్వారా రౌటర్ని ఐపీ అడ్రస్ అడుగుతుంది. ఆ తర్వాత టీఎఫ్‌టీపీ అనే చిన్న ప్రొటోకాల్‌తో సర్వర్ నుంచి ఫర్మ్‌వేర్, కెర్నెల్ ఫైళ్లు తెచ్చుకుంటుంది. బూట్‌లోడర్ పని అక్కడితో సరి.

ఇక కెర్నెల్ వంతు. బూట్‌లోడర్ తెచ్చుకున్న ఐపీ అడ్రస్ కెర్నెల్‌కు రాదు, అది మళ్లీ మొదటి నుంచి డీహెచ్‌సీపీ అడుగుతుంది. ఈ సంగతి తెలియక చాలామంది తికమక పడతారు. అడ్రస్ దొరికాక ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫోల్డర్లను పంచుకునే పద్ధతి) ద్వారా సర్వర్‌లోని రెండు ఫోల్డర్లను మౌంట్ చేస్తుంది, అంటే సొంత డిస్క్‌లో ఉన్నట్టు వాడుకునేలా తగిలించుకుంటుంది. ఒకదానిలో సిస్టమ్ ఫైల్, రెండోదానిలో మీ కోడి సెట్టింగులు, లైబ్రరీ ఉంటాయి. రెండూ దొరికితేనే కోడి తెరుచుకుంటుంది.

అంటే రౌటర్, టీఎఫ్‌టీపీ, ఎన్‌ఎఫ్‌ఎస్ మూడూ సరిగ్గా పలకాలి. ఒకటి పలకకపోతే ఆ లక్షణం ఒకలా ఉంటుంది, ఇంకొకటి పలకకపోతే ఇంకోలా ఉంటుంది.

మొదట చూడాల్సిన చిన్న విషయాలు

నెట్‌వర్క్ బూట్ వైఫై మీద జరగదు. కేబుల్ ఉండాల్సిందే. వైఫైని ఈథర్‌నెట్‌గా మార్చి ఇచ్చే పెట్టెలు మధ్యలో ఉంటే, ముందు నేరుగా రౌటర్‌కు కేబుల్ పెట్టి చూడండి. పవర్‌కు ఫోన్ చార్జర్ కాకుండా 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే యూఎస్‌బీ-సీ అడాప్టర్ వాడండి. టీవీ కేబుల్‌ను పవర్ పోర్టుకు దగ్గరగా ఉన్న హెచ్‌డీఎంఐకి పెట్టండి.

మెట్టు 1: బూట్ వరుసలో నెట్‌వర్క్ ఉందా?

పై 4లో ఈ వరుస పేరు బూట్_ఆర్డర్. మామూలుగా దాని విలువ 0ఎక్స్ఎఫ్41. దీన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. 1 అంటే ఎస్‌డీ కార్డు, 4 అంటే యూఎస్‌బీ, 2 అంటే నెట్‌వర్క్, ఎఫ్ అంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టమని. 0ఎక్స్ఎఫ్41లో 2 లేదు కదా, కాబట్టి కార్డు తీసేసినా ఆ బోర్డు జన్మలో నెట్‌వర్క్ వైపు చూడదు.

మార్చడానికి రెండు దార్లు. ఏదైనా కార్డులో రాస్‌బెర్రీ పై ఓఎస్ ఉంటే దానితో బూట్ చేసి, సుడో ఆర్‌పీఐ-ఈఈప్రామ్-కాన్ఫిగ్ --ఎడిట్ అని కొట్టి, విలువను 0ఎక్స్ఎఫ్21 చేసి సేవ్ చేయండి. రీబూట్ చేశాకే కొత్త విలువ చిప్‌లోకి ఎక్కుతుంది. అంత ఓపిక లేకపోతే రాస్‌బెర్రీ పై ఇమేజర్ తెరిచి, యుటిలిటీ ఇమేజ్‌లలో బూట్‌లోడర్ కిందున్న నెట్‌వర్క్ బూట్ ఎంచుకుని ఏదైనా పాత కార్డు మీద రాయండి. ఆ కార్డు పెట్టి పవర్ ఇస్తే, పని పూర్తయ్యాక టీవీ మొత్తం పచ్చగా మారి బోర్డు మీది పచ్చ లైటు గబగబా కొట్టుకుంటూనే ఉంటుంది. అప్పుడు కార్డు తీసేయండి.

నెట్‌వర్క్ కంటే ముందు కార్డు వంతు ఉంచడం మంచిది. రేపు ఏదైనా తేడా వస్తే ఒక కార్డు గుచ్చగానే పెట్టె దానితోనే బూట్ అవుతుంది. 4ను కూడా మధ్యలో ఇరికించి 0ఎక్స్ఎఫ్241 చేస్తే తప్పేమీ లేదు కానీ, యూఎస్‌బీలో డిస్క్ దొరుకుతుందేమోనని బూట్‌లోడర్ దాదాపు 20 సెకన్లు ఎదురుచూశాకే నెట్‌వర్క్‌కు వస్తుంది. అవసరం లేకపోతే వద్దు.

మీది పై 3 అయితే కథ వేరు. దానిలో ఈఈప్రామ్ చిప్ లేదు కాబట్టి బూట్‌కోడ్.బిన్ అనే ఫైల్ టీఎఫ్‌టీపీ ఫోల్డర్‌లో అన్నిటికంటే పైన ఉండాలి. పై 4కు ఆ ఫైల్ అక్కర్లేదు.

మెట్టు 2: టీవీ తెర మీద ఏముందో చదవండి

కార్డు లేకుండా పవర్ ఇస్తే పై 4 కొన్ని సెకన్లలో టీవీ మీద ఒక డయాగ్నస్టిక్ పేజీ చూపిస్తుంది. చాలామంది దాన్ని ఫొటో తీసి "ఎర్రర్ వస్తోంది" అని గ్రూపుల్లో పెడతారు తప్ప చదవరు. సగం జవాబు అక్కడే ఉంటుంది.

బోర్డ్ అని మొదలయ్యే లైన్‌లో మోడల్ కోడ్, సీరియల్ నంబర్, మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ బోర్డును గుర్తుపట్టే నంబర్) ఉంటాయి. ఆ సీరియల్ నంబర్ని ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాత పనికొస్తుంది. బూట్ లైన్‌లో ఇప్పుడు దేని వంతు నడుస్తోందో, వరుస ఏమిటో కనిపిస్తుంది. అక్కడ 2 లేకపోతే మెట్టు 1కి వెనక్కి వెళ్లండి.

అసలు చూడాల్సింది నెట్, టీఎఫ్‌టీపీ అనే రెండు లైన్లు.

నెట్ డౌన్ అని ఉంటే కేబులో, స్విచ్చో, గోడలోని సాకెట్టో. సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకండి.

నెట్ అప్ అని ఉండి ఐపీ 0.0.0.0 దగ్గరే ఉంటే డీహెచ్‌సీపీ జవాబు రాలేదు.

ఐపీ వచ్చి, టీఎఫ్‌టీపీ దగ్గర మాత్రం 0.0.0.0 ఉంటే, ఇంట్లో సర్వర్ ఎక్కడుందో బూట్‌లోడర్‌కు ఎవరూ చెప్పలేదని అర్థం.

రెండు చోట్లా అడ్రస్‌లు సరిగ్గానే ఉండి అక్కడే ఆగితే ఫైళ్ల గొడవ. నేరుగా మెట్టు 4కు వెళ్లండి.

మెట్టు 3: డీహెచ్‌సీపీ

ఐపీ రాకపోతే, పై చేసే అభ్యర్థన అసలు నెట్‌వర్క్‌లోకి వస్తోందో లేదో సర్వర్‌లో కూర్చుని వినండి. టీసీపీడంప్ అనే టూల్‌తో యూడీపీ 67, 68 పోర్టులు చూస్తే చాలు. డీహెచ్‌సీపీ అడగడం బ్రాడ్‌కాస్ట్ కాబట్టి రౌటర్‌కే కాదు, మీ సర్వర్‌కూ వినిపిస్తుంది. పై 4 మ్యాక్ అడ్రస్‌లు ఎక్కువగా డీసీ:ఏ6:32 అనో ఈ4:5ఎఫ్:01 అనో మొదలవుతాయి. పై నుంచి అభ్యర్థన వస్తూ రౌటర్ జవాబు రాకపోతే రౌటర్లో మ్యాక్ ఫిల్టర్ పెట్టి ఉందేమో చూడండి. పిల్లల ఫోన్లను ఆపడానికి ఎప్పుడో పెట్టి మరిచిపోయిన ఫిల్టర్ ఇలాగే కొత్త పెట్టెలను కూడా ఆపేస్తుంది.

అభ్యర్థనే రాకపోతే మధ్యలో ఉన్న స్విచ్‌ను అనుమానించండి. మామూలు చవక స్విచ్‌లతో ఈ బాధ లేదు. ఆఫీసుల నుంచి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న మేనేజ్డ్ స్విచ్‌లలో (సెట్టింగులు మార్చుకోగలిగే స్విచ్‌లు) స్పానింగ్ ట్రీ అనే, కేబుళ్లు చుట్టు తిరగకుండా కాపాడే ఫీచర్ ఆన్‌లో ఉంటుంది. కేబుల్ పెట్టగానే అది పోర్టును వెంటనే తెరవదు. 15 సెకన్లు వింటుంది, ఇంకో 15 సెకన్లు నేర్చుకుంటుంది, అప్పుడు గాని డేటాను వదలదు. పై లేచినప్పుడు ఒకసారి లింక్ వస్తుంది, కెర్నెల్ మొదలైనప్పుడు లింక్ తెగి మళ్లీ వస్తుంది. కాబట్టి ఆ లెక్క రెండుసార్లు మొదలవుతుంది. స్విచ్ సెట్టింగుల్లో ఆ ఒక్క పోర్టుకు పోర్ట్‌ఫాస్ట్ లేదా ఎడ్జ్ పోర్ట్ అని పెడితే ఈ ఆలస్యం పోతుంది.

ఇక ఐపీ వచ్చి టీఎఫ్‌టీపీ అడ్రస్ రాని సందర్భం. ఇళ్లల్లో తరచుగా ఎదురయ్యేది ఇదే. బూట్ సర్వర్ ఎక్కడుందో డీహెచ్‌సీపీ జవాబులోనే చెప్పాలి. ఫైబర్ కనెక్షన్‌తో పాటు కంపెనీలు ఇచ్చే రౌటర్లలో చాలావాటికి ఆ వివరం నింపే చోటే ఉండదు. దీనికి పాత గైడులన్నీ చెప్పే మందు డిఎన్‌ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రాంను ప్రాక్సీ డీహెచ్‌సీపీగా నడపడం, అంటే ఐపీ అడ్రస్ రౌటరే ఇస్తుంటే బూట్ సర్వర్ వివరం మాత్రం అది చెప్పడం. అది పనిచేస్తుంది. కానీ ఒక్క ఇంటికి, ఒక్క పెట్టెకు అంత తంతు నాకు అనవసరం అనిపిస్తుంది.

దానికంటే సులువైన దారి బూట్‌లోడర్లోనే ఉంది. ఇందాకటి ఈఈప్రామ్ ఎడిటర్లో టీఎఫ్‌టీపీ_ఐపీ=192.168.1.10 అని ఒక్క లైన్ చేర్చండి. ఇక డీహెచ్‌సీపీలో సర్వర్ పేరు ఉన్నా లేకపోయినా బూట్‌లోడర్‌కు పట్టదు. రౌటర్ మామూలుగా ఐపీ ఇస్తే చాలు, ఫైళ్ల కోసం అది నేరుగా ఈ అడ్రస్‌కే వెళ్తుంది. సర్వర్‌లో టీఎఫ్‌టీపీడీ-హెచ్‌పీఏ అనే చిన్న ప్యాకేజీ ఉంటే సరిపోతుంది. ఒకటే షరతు, సర్వర్ ఐపీ ఎప్పటికీ మారకూడదు. రౌటర్లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పెట్టి దాన్ని కట్టేయండి. లేకపోతే రౌటర్ రీస్టార్ట్ అయిన ఏదో ఒకరోజు మళ్లీ నల్లతెరే.

ఎందుకో ఒకందుకు డిఎన్‌ఎస్‌మాస్క్ దారిలోనే వెళ్తానంటే మూడు చోట్ల జాగ్రత్త. డీహెచ్‌సీపీ-రేంజ్ లైన్‌లో అడ్రస్ పక్కన ప్రాక్సీ అనే మాట ఉండాలి. అది మరిచిపోయి మామూలు రేంజ్ ఇచ్చేస్తే ఇంట్లో రెండు డీహెచ్‌సీపీ సర్వర్లు పోటీ పడి, అందరి ఫోన్లలోనూ నెట్ పోతుంది. ఆ టెన్షన్ పడలేరు. రెండోది, పీఎక్స్ఈ-సర్వీస్ లైన్‌లో రాస్‌బెర్రీ పై బూట్ అనే పేరు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి, బూట్‌లోడర్ సరిగ్గా ఆ పేరు కోసమే చూస్తుంది. మూడోది, ఉబుంటులో సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ అప్పటికే 53వ పోర్టును పట్టుకుని కూర్చుంటుంది. అందువల్ల అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్ అనే ఎర్రర్‌తో డిఎన్‌ఎస్‌మాస్క్ అసలు లేవదు. పోర్ట్=0 అని పెడితే డిఎన్‌ఎస్ పని మానేసి మిగతా పని చేస్తుంది.

మెట్టు 4: టీఎఫ్‌టీపీ ఫైళ్లు

ముందు సర్వర్ ఫైళ్లు ఇస్తోందో లేదో పైతో సంబంధం లేకుండా తేల్చుకోండి. ఇంట్లో ఇంకో కంప్యూటర్ నుంచి కర్ల్ కమాండ్‌తో టీఎఫ్‌టీపీ://192.168.1.10/ తర్వాత కాన్ఫిగ్.టీఎక్స్‌టీ అడగండి. ఫైల్‌లోని రాత తెర మీదికి వస్తే సర్వర్ బాగానే ఉంది. రాకపోతే ఫైర్‌వాల్ చూడండి. యూడీపీ 69 మీ ఇంటి నెట్‌వర్క్‌కు తెరిచి ఉండాలి.

తర్వాత టీఎఫ్‌టీపీడీ-హెచ్‌పీఏ ఆప్షన్లలో -వి రెండుసార్లు చేర్చి రీస్టార్ట్ చేయండి. ఇప్పుడు పై ఏ ఫైల్ అడిగిందో, దేనికి లేదని జవాబు వచ్చిందో అంతా సర్వర్ లాగ్‌లో కనిపిస్తుంది. జర్నల్‌సీటీఎల్ -ఎఫ్ నడుపుతూ పైకి పవర్ ఇచ్చి చూడండి.

ఇక్కడ కంగారు పడకూడని సంగతి ఒకటుంది. లాగ్ నిండా ఫైల్ నాట్ ఫౌండ్ అని వస్తుంది. పైఈప్రామ్.ఎస్ఐజీ, రికవర్4.ఈఎల్ఎఫ్, రికవరీ.ఈఎల్ఎఫ్, డీటీ-బ్లాబ్.బిన్ లాంటివి బూట్‌లోడర్ ఉంటే తీసుకుందామని అడుగుతుంది, లేకపోతే ముందుకు వెళ్లిపోతుంది. అవి లేవని వాటిని వెతికి తెచ్చి పెట్టేవాళ్లున్నారు. వద్దు. తప్పనిసరిగా దొరకాల్సినవి కాన్ఫిగ్.టీఎక్స్‌టీ, స్టార్ట్ అని మొదలయ్యే ఈఎల్ఎఫ్ ఫైల్, ఫిక్సప్ అని మొదలయ్యే డీఏటీ ఫైల్, బీసీఎం2711 అని మొదలయ్యే డీటీబీ ఫైల్, సీఎండీలైన్.టీఎక్స్‌టీ, కెర్నెల్. వీటిలో ఏది దొరకలేదో అదే మీ సమస్య.

ఫోల్డర్ విషయంలో పై 4 ప్రవర్తన కొంచెం విచిత్రంగా ఉంటుంది. మొదట తన సీరియల్ నంబర్ చివరి 8 అంకెలు, అక్షరాలతో ఉన్న ఫోల్డర్‌లో అడుగుతుంది. అక్కడ స్టార్ట్ ఫైల్ దొరక్కపోతే ఫోల్డర్ పేరు వదిలేసి నేరుగా టీఎఫ్‌టీపీ ఫోల్డర్‌లో వెతుకుతుంది. దొరికితే మాత్రం మిగతా ఫైళ్లన్నీ కూడా ఆ ఫోల్డర్‌లోనే ఉండాలంటుంది. స్టార్ట్ ఫైల్ లోపల, కెర్నెల్ బయట పెడితే ఎప్పటికీ కలవవు. ఫోల్డర్ పేరులోని అక్షరాలు చిన్నవే అయ్యుండాలి. ఇంట్లో ఉన్నది ఒక్క పెట్టే అయితే సీరియల్ నంబర్ ఫోల్డర్ గొడవ లేకుండా అన్నీ నేరుగా టీఎఫ్‌టీపీ ఫోల్డర్‌లోనే పెట్టేయండి.

అనుమతులు కూడా చూడండి. సుడోతో కాపీ చేసిన ఫైళ్లు కొన్నిసార్లు రూట్ (లినక్స్‌లో అన్ని అధికారాలున్న యూజర్) తప్ప ఎవరూ చదవలేకుండా ఉంటాయి. టీఎఫ్‌టీపీ సర్వర్ రూట్‌గా నడవదు. ఫైళ్లకు అందరూ చదివే అనుమతి, ఫోల్డర్లకు లోపలికి వెళ్లే అనుమతి ఇవ్వండి.

టీవీ మీద ఇంద్రధనుస్సు రంగుల చతురస్రం వచ్చి అలాగే ఉండిపోతే స్టార్ట్ ఫైల్ నడిచింది, కెర్నెల్ మొదలవలేదు. టీవీ లేకపోయినా పచ్చ లైటు చూసి చెప్పొచ్చు. వరుసగా 4 సార్లు కొట్టుకుని ఆగి మళ్లీ కొట్టుకుంటే స్టార్ట్ ఫైల్ దొరకలేదు, 7 సార్లయితే కెర్నెల్ దొరకలేదు. లిబ్రెఎలెక్‌లో కెర్నెల్ పేరు కెర్నెల్.ఐఎంజీ. రాస్‌బెర్రీ పై ఓఎస్ నుంచి తెచ్చిన కాన్ఫిగ్ ఫైల్‌ను లిబ్రెఎలెక్ ఫైళ్లతో కలిపేస్తే ఈ పేర్లు కలవవు. లిబ్రెఎలెక్ ఇమేజ్‌లోని మొదటి పార్టిషన్ మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టు కాపీ చేయడమే క్షేమం.

మొత్తం అంటే ఓవర్‌లేస్ ఫోల్డర్‌తో సహా. అది వదిలేస్తే వచ్చే తంటా చాలా వింతగా ఉంటుంది. పెట్టె బూట్ అవుతుంది, ఇంతకుముందు ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి లాగిన్ అయ్యే దారి) ఆన్ చేసి ఉంటే లోపలికి కూడా వెళ్లొచ్చు, టీవీ మీద మాత్రం ఏమీ రాదు. పైలో డిస్‌ప్లే నడిపే వీసీ4 ఓవర్‌లే ఆ ఫోల్డర్లోనే ఉంటుంది మరి.

మెట్టు 5: సీఎండీలైన్, ఎన్‌ఎఫ్‌ఎస్

కెర్నెల్ మొదలై, అక్షరాలు పరుగెత్తి ఆగితే బూట్‌లోడర్‌కు, టీఎఫ్‌టీపీకి దండం పెట్టేయండి, వాటి పని అయిపోయింది. నెట్‌వర్క్ బూట్‌లో ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే. ఎందుకంటే తప్పు మూడు చోట్ల ఉండొచ్చు: సీఎండీలైన్ ఫైల్‌లో, సర్వర్ ఎక్స్‌పోర్ట్స్ ఫైల్‌లో, ఫోల్డర్ అనుమతుల్లో.

కార్డు కోసం తయారైన సీఎండీలైన్‌లో బూట్=, డిస్క్= తర్వాత యూయూఐడీలు (కార్డు పార్టిషన్లను గుర్తుపట్టే పొడవాటి నంబర్లు) ఉంటాయి. వాటిని తీసేసి ఇలా రాయాలి:

బూట్=ఎన్‌ఎఫ్‌ఎస్=192.168.1.10:/ఎస్ఆర్‌వీ/లిబ్రెఎలెక్/బూట్ డిస్క్=ఎన్‌ఎఫ్‌ఎస్=192.168.1.10:/ఎస్ఆర్‌వీ/లిబ్రెఎలెక్/స్టోరేజ్ ఐపీ=డీహెచ్‌సీపీ

ఎన్‌ఎఫ్‌ఎస్ అనే మాటకు అటూ ఇటూ సమానం గుర్తులున్నాయి, గమనించండి. ఇదంతా ఒకే లైన్‌లో ఉండాలి. మధ్యలో ఎంటర్ కొడితే రెండో లైన్ లెక్కలోకి రాదు. క్వయట్ అనే మాట ఉంటే బాగుపడేదాకా తీసేయండి, అప్పుడే కెర్నెల్ ఏం చేస్తోందో కనిపిస్తుంది. ఐపీ=డీహెచ్‌సీపీ మరిచిపోతే కెర్నెల్‌కు నెట్‌వర్క్ ఉండదు, ఇక ఎన్‌ఎఫ్‌ఎస్ ఎక్కడిది?

మౌంట్ కుదరనప్పుడు లిబ్రెఎలెక్ నిజాయితీగానే చెబుతుంది. ఎర్రర్ ఇన్ మౌంట్_ఫ్లాష్ అని వస్తే బూట్= దారిలో తప్పు. ఎర్రర్ ఇన్ మౌంట్_స్టోరేజ్ అని వస్తే డిస్క్= దారిలో తప్పు. ఆ వెంటనే డీబగ్గింగ్ షెల్ తెరుచుకుంటుంది. యూఎస్‌బీ కీబోర్డు పెడితే అక్కడి నుంచే సర్వర్‌ను పింగ్ చేసి చూడొచ్చు. పింగ్ వెళ్తే ఎన్‌ఎఫ్‌ఎస్, వెళ్లకపోతే ఐపీ. బూట్ ఫోల్డర్ మౌంట్ అయ్యాక కూడా ఆగితే లోపల సిస్టమ్ అనే ఫైల్ ఉందో లేదో చూడండి. దాని పేరు ఇంగ్లీషులో మొత్తం పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. కెర్నెల్ టీఎఫ్‌టీపీ మీద, సిస్టమ్ ఎన్‌ఎఫ్‌ఎస్ మీద వస్తాయి కాబట్టి రెండు చోట్ల రెండు కాపీలు పెట్టే బదులు, టీఎఫ్‌టీపీ ఫోల్డర్‌నే ఎన్‌ఎఫ్‌ఎస్‌లోనూ ఎక్స్‌పోర్ట్ చేసి బూట్= తర్వాత దాన్నే ఇవ్వడం సుఖం.

సర్వర్ వైపు /ఈటీసీ/ఎక్స్‌పోర్ట్స్ ఫైల్‌లో ఫోల్డర్ దారి, దాని పక్కన 192.168.1.0/24, దానికి ఆనుకుని బ్రాకెట్లలో ఆర్‌డబ్ల్యూ, సింక్, నో_సబ్‌ట్రీ_చెక్, నో_రూట్_స్క్వాష్ ఉండాలి. ఆనుకుని అని ఊరికే అనలేదు. అడ్రస్‌కూ బ్రాకెట్‌కూ మధ్య ఒక్క ఖాళీ పడితే అర్థం తలకిందులవుతుంది. మీ ఇంటి నెట్‌వర్క్‌కు చదవడానికి మాత్రమే అనుమతి, మిగతా లోకం మొత్తానికి రాసే అనుమతి! పైకి చూస్తే లైన్ సరిగ్గానే కనపడుతుంది, పెట్టె మాత్రం సెట్టింగులు సేవ్ చేయలేదు.

నో_రూట్_స్క్వాష్ కూడా తప్పనిసరి. లిబ్రెఎలెక్‌లో అన్నీ రూట్‌గానే నడుస్తాయి. ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ మామూలుగా బయటి రూట్‌ను నమ్మదు, అనామక యూజర్‌గా దించేస్తుంది. అప్పుడు స్టోరేజ్ ఫోల్డర్‌లో ఏమీ రాయలేక కోడి మొదలై ఆగి, మళ్లీ మొదలై ఆగుతుంది. ఈ ఆప్షన్ పెట్టాం కాబట్టి ఎక్స్‌పోర్ట్‌ను ఇంటి నెట్‌వర్క్‌కే పరిమితం చేయాలి, నక్షత్రం గుర్తు పెట్టొద్దు.

ఫైల్ మార్చాక ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్ -ఆర్ఏ కొట్టందే కొత్త లైన్ అమలులోకి రాదు. తర్వాత ఇంకో లినక్స్ కంప్యూటర్ నుంచి షోమౌంట్ -ఈ 192.168.1.10 కొడితే ఏ ఫోల్డర్లు కనిపిస్తున్నాయో తెలుస్తుంది. ఫైర్‌వాల్ ఉంటే పోర్టులు ఒక్కొక్కటిగా తెరవడం మొదలుపెట్టకండి. ఎన్‌ఎఫ్‌ఎస్ 3వ వెర్షన్‌కు 2049, 111 కాక ఎప్పటికప్పుడు మారే పోర్టు ఇంకొకటి కావాలి. ఇంటి నెట్‌వర్క్ మొత్తానికి సర్వర్‌ను తెరవడమే పని జరిగే దారి.

లిబ్రెఎలెక్ కాకుండా రాస్‌బెర్రీ పై ఓఎస్ మీద కోడి నడిపేవాళ్లకు రూట్=/డెవ్/ఎన్‌ఎఫ్‌ఎస్, ఎన్‌ఎఫ్‌ఎస్‌రూట్= అనే రూపం ఉంటుంది. అక్కడ దారి చివర కామా పెట్టి వర్స్=3 చేర్చండి. సర్వర్‌లో పెట్టిన రూట్ ఫోల్డర్‌లోని ఎఫ్‌స్టాబ్ ఫైల్ తెరిచి పాత కార్డు పార్టిషన్ల లైన్లు తీసేయండి. లేకపోతే లేని కార్డు కోసం చూసి చూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది.

బాగానే నడిచి, కరెంటు పోయి వచ్చాక ఆగితే

కరెంటు రాగానే రౌటర్, స్విచ్, సర్వర్, పై అన్నీ ఒకేసారి లేస్తాయి. పై అందరికంటే ముందు సిద్ధమైపోతుంది, రౌటర్‌కు ఇంకా నిమిషం పైనే పడుతుంది. బూట్ వరుస చివర ఎఫ్ ఉంటే ఇది పెద్ద సమస్య కాదు, దొరికేదాకా తిరుగుతూనే ఉంటుంది. ఎఫ్ బదులు చివర E అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే మాత్రం ఆగిపోతుంది.

అసలు చిక్కు సర్వర్‌లో టీఎఫ్‌టీపీ ముందు లేచి ఎన్‌ఎఫ్‌ఎస్ తర్వాత లేచినప్పుడు వస్తుంది. పైకి కెర్నెల్ దొరుకుతుంది, అది ఎన్‌ఎఫ్‌ఎస్ అడుగుతుంది, ఇంకా లేవలేదు, డీబగ్గింగ్ షెల్‌లో పడి అక్కడే ఉండిపోతుంది. ఒకసారి కెర్నెల్ మొదలయ్యాక వెనక్కి వెళ్లి మళ్లీ ప్రయత్నించే ఎఫ్ ఉండదు కదా. అందుకని సర్వర్‌లో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ టీఎఫ్‌టీపీడీ-హెచ్‌పీఏ అని కొట్టి, యూనిట్ విభాగం కింద ఆఫ్టర్=ఎన్‌ఎఫ్‌ఎస్-సర్వర్.సర్వీస్ అని చేర్చండి. అప్పుడు ఎన్‌ఎఫ్‌ఎస్ సిద్ధమయ్యేదాకా టీఎఫ్‌టీపీ నోరు విప్పదు, పై బూట్‌లోడర్లోనే తిరుగుతూ ఎదురుచూస్తుంది. ఫైళ్లు బయటి యూఎస్‌బీ డిస్క్ మీద ఉంటే రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్= లైన్‌తో ఆ డిస్క్ దారి కూడా చెప్పండి.

పాత ల్యాప్‌టాప్ సర్వర్ అయితే బ్యాటరీ ఉంటుంది కాబట్టి ఈ బాధ తక్కువే. దానికి ఇంకో జబ్బు ఉంది, మూత వేయగానే నిద్రపోతుంది. సినిమా మధ్యలో కోడి బిగుసుకుపోయి, లాగ్‌లో సర్వర్ నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్ అని కనిపిస్తే ముందు ల్యాప్‌టాప్ మూత చూడండి. తెరవగానే పెట్టె ఆగిన చోట నుంచే కదులుతుంది. లాగిన్‌డీ.కాన్ఫ్‌లో హ్యాండిల్‌లిడ్‌స్విచ్=ఇగ్నోర్ పెట్టి వదిలేయండి.

ఇంకో మాట. నెట్‌వర్క్ బూట్ అయిన పెట్టెలో లిబ్రెఎలెక్ సెట్టింగుల్లోకి వెళ్లి వైర్డ్ నెట్‌వర్క్‌ను ఆఫ్ చేయడమో, ఐపీ మార్చడమో చేయకండి. తన డిస్క్ ఉన్నదే ఆ కేబుల్ అవతల. కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే.

అప్‌డేట్ తర్వాత తేడా వస్తే

బూట్ బాగానే అయి వైఫై, సౌండ్, రిమోట్ లాంటివి పనిచేయకపోతే కెర్నెల్ ఒక వెర్షన్, దాని మాడ్యూళ్లు ఇంకో వెర్షన్ అయ్యుంటాయి. లిబ్రెఎలెక్‌లో మాడ్యూళ్లు సిస్టమ్ ఫైల్ లోపల ఉంటాయి. కాబట్టి అప్‌డేట్ చేయాలనుకున్నప్పుడు పెట్టె ఆపేసి, సర్వర్‌లో కెర్నెల్.ఐఎంజీ, సిస్టమ్ రెండూ ఒకే ఇమేజ్ నుంచి తీసి ఒకేసారి మార్చండి. పక్కనే ఎండీ5 ఫైళ్లు ఉంటాయి, సరిచూసుకోండి. పాతవాటిని వేరే పేరుతో ఉంచితే వెనక్కి రావడం నిమిషం పని. కోడి లోపలి ఆటో అప్‌డేట్ ఆఫ్ చేసి ఉంచడం మేలు.

రాస్‌బెర్రీ పై ఓఎస్‌లో ఇదే చిక్కు ఏపీటీ అప్‌గ్రేడ్ తర్వాత వస్తుంది. కొత్త కెర్నెల్ /బూట్/ఫర్మ్‌వేర్‌లోకి వెళ్తుంది, పై మాత్రం టీఎఫ్‌టీపీ ఫోల్డర్‌లోని పాతదాన్నే తెచ్చుకుంటుంది. ఎఫ్‌స్టాబ్‌లో టీఎఫ్‌టీపీ ఫోల్డర్‌ను ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా /బూట్/ఫర్మ్‌వేర్ మీద మౌంట్ చేస్తే రెండూ ఒకటే అవుతాయి.

బెడ్‌రూమ్‌లో రెండో పెట్టె కూడా పెట్టాలనిపిస్తే బూట్ ఫోల్డర్ ఇద్దరికీ ఒకటే ఉన్నా పర్వాలేదు, స్టోరేజ్ మాత్రం వేరుగా ఉండాలి. రెండు కోడిలు ఒకే డేటాబేస్ ఫైల్‌లో ఒకేసారి రాస్తే లైబ్రరీ పాడవుతుంది. సీఎండీలైన్ చివర ఓవర్‌లే అనే మాట చేర్చితే లిబ్రెఎలెక్ ప్రతి పెట్టెకూ దాని మ్యాక్ అడ్రస్ పేరుతో స్టోరేజ్‌లో విడి ఫోల్డర్ పెడుతుంది. అలా చేర్చిన తర్వాత మొదటి పెట్టె కూడా కొత్తదానిలా ఖాళీగా తెరుచుకుంటుంది. సెట్టింగులు పోయాయని కంగారు పడకుండా, స్టోరేజ్‌లో ఉన్న పాత ఫైళ్లను దాని కొత్త ఫోల్డర్‌లోకి జరపండి.